గుర్రానికి నీళ్లు పెట్టిన వాక్యం

మీ ఒక్కరితోనే చెబుతున్నాను. ఒక పాత అమెరికన్ నవల శైలి గురించి నేను మాట్లాడితే నలుగురూ మెచ్చుకుంటారు. ఆ మాటలు నావి కావు. ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

తొంభైల చివర్లో మల్లేశం, నేను చందానగర్‌లో ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆఫీసులో ఇద్దరం ట్రైనీలం. అతనిది మెదక్ వైపు పల్లె, తెలుగు మీడియం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఆ నవలను ఇంగ్లీషు కోసమని మొదలుపెట్టి, దాని మోజులో పడిపోయాడు. అన్నం వారుస్తూ కూడా అదే గోల.

"కథ చెప్పేటోడు తండ్రిని బొందపెట్టి ఇంటికొస్తడు. ఏడ్చిన అని ఒక్క ముక్క రాయడు. గుర్రానికి నీళ్లు పెట్టిన అంటడు, గంతే. మనకే ఏడుపొస్తది" అనేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ని.

శిక్షణ చివర్లో ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. నచ్చిన పుస్తకం గురించి అందరి ముందూ మాట్లాడాలి. బాగా మాట్లాడినవాళ్లకే ఉద్యోగం ఖాయం. నేనొక వ్యక్తిత్వ వికాస పుస్తకం బట్టీపట్టి వెళ్లాను. నా కంటే ముందు లేచినవాళ్లంతా దాన్నే అప్పజెప్పారు. నా పేరు పిలిచారు. నోరు తెరిస్తే మల్లేశం చెప్పే ఆ గుర్రం మాటే వచ్చింది. వద్దు వద్దనుకుంటూనే ఆపలేకపోయాను. నిజంగా ఆపలేకపోయానా? వాళ్లు తలలూపడం చూశాక ఆపాలనిపించలేదేమో.

నా తర్వాత మల్లేశం. "నాకు గూడ అదే పుస్తకం, అదే మాట నచ్చింది సార్" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, ఇంకేం చెప్పాలో తోచక కూర్చున్నాడు. అందరూ నవ్వారు. నేను నేల చూపులు చూశాను. అతనికి ఉద్యోగం రాలేదు.

ఆ సాయంత్రం బస్టాపులో తిడతాడనుకున్నాను. ముఖం వెలిగిపోతోంది.

"నాకు తెల్వకుంట ఎప్పుడు చదివినవ్ అన్నా?"

"మొన్ననే."

"గుర్రం నీళ్లు తాగుతుంటె నీకేమనిపించింది? జర చెప్పు. ఇన్ని దినాలు మాట్లాడుకుందామంటె ఎవ్వరు దొరకలే."

నేను ఒక్క పేజీ కూడా చదవలేదు. మన బస్సొచ్చింది పద, అన్నాను.

గది ఖాళీ చేస్తూ పుస్తకం నాకే వదిలేశాడు. "మళ్లొకసారి చదువన్నా" అన్నాడు. తెలిసే అన్నాడా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఎక్కడున్నాడో కూడా తెలియదు.

దాన్ని తెరవడానికి ఏళ్లు పట్టింది. ఆ వాక్యం దగ్గర వెక్కివెక్కి ఏడ్చాను. గుర్రం నీళ్లు తాగుతుంటే ఏమనిపిస్తుందో ఇప్పుడు చెప్పగలను. అడిగినవాడు లేడు. అప్పుడు చదవలేదన్న ముక్కయినా, ఇవాళ మీతో అన్నాను.