అద్దంకి కొలిమిలో బెనిన్ రాజమాత

మా పైవాటాలో అద్దెకుంటున్న ఒసాజేది నైజీరియాలోని బెనిన్ సిటీ. గుంటూరులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. వాళ్ళ వంశం తరతరాలుగా రాజుగారికి ఇత్తడి విగ్రహాలు పోసింది. 1897లో ఇంగ్లీషు సైన్యం ఆ రాజభవనం తగలబెట్టి వాటిని ఓడల్లో ఎత్తుకుపోయింది. వీళ్ళ ముత్తాత చేశాడని ఇంట్లో చెప్పుకునే రాజమాత తల ఇప్పుడు ఇంగ్లండులో ఒక మ్యూజియంలో ఉందట. అలాంటిదే మళ్ళీ చేయాలన్న కోరిక తీరకుండానే వాళ్ళ నాన్న చనిపోయారు. "పరీక్షలయ్యాక అలాంటిది చేయించి అమ్మ చేతిలో పెట్టాలి ఆంటీ," అన్నాడు. అద్దంకిలో దేవుడి విగ్రహాలు పోసే ఆచారి గారు నాకు తెలుసు. ఇంక ఆగుతానా!

ఆదివారం ఉదయం ఆరున్నరకి గుంటూరులో బస్సెక్కాం. చిలకలూరిపేట మీదుగా రెండున్నర గంటలు, మనిషికి నూటముప్పై దాకా అయింది. కళ్ళాల్లో ఎండబెట్టిన మిరపకాయల ఘాటుకి బస్సంతా తుమ్ములే. అద్దంకిలో ఆటోకి అరవై. డ్రైవరు నన్నడిగితే వీడే అందుకుని, "ఆచారి గారి కొలిమికి అన్నా, తొందరగా పోనియ్," అన్నాడు. "ఓర్నాయనో, మనోడేనండీ!" అంటూ అతను దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

డెబ్బై ఏళ్ళ ఆచారి గారు ఫోన్‌లో ఫొటో చూడగానే లేచి నిలబడ్డారు. "ఎవరు పోశార్రా ఇది? ఇంత పల్చగానా! మైనంతోనేనా?"

"మైనమే తాతా. లోపల మట్టి, మీద మైనం, దానిమీద మళ్ళీ మట్టి. మైనం కరిగి పోయాక ఆ సందులో ఇత్తడి."

"ఒరేయ్, మా పనీ అంతే గదరా!"

ఇద్దరూ చేతులు పట్టుకుని ఊపేసుకుంటుంటే నా ఒళ్ళు పులకరించింది. మధ్యాహ్నానికల్లా మట్టి తలమీద మైనపు ముక్కు, పెదవులు, మెడనిండా దండలు, నెత్తిన పగడాల పూసలతో అల్లిన కొప్పు ముందుభాగం వచ్చేశాయి. అప్పుడు ఆచారి గారు, "ఏదీ, వెనకవైపు ఫొటో?" అన్నారు.

లేదు. వాడికి దొరికిందల్లా ముందునుంచి తీసిన ఆ ఒక్క ఫొటోనే. ఒసాజే మొహం వాడిపోయింది. "మా ఇంట్లో ఎవరూ వెనక చూడలేదు తాతా. నాన్న కూడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేసినవాడి వంశానికి మిగిలింది ఒక ఫొటో, అదీ సగమేనా! "వెనక నున్నగా వదిలేద్దామండీ," అన్నాను, చేసేది లేక.

"వెనక లేని తల్లిని నేను పోయనమ్మా," అన్నారాయన. "ఏరా, మీ ఊళ్ళో ఆడోళ్ళు ఇప్పుడీ పగడాల కొప్పు పెట్టుకోరేంటి?"

"పెళ్ళికి పెట్టుకుంటారు తాతా. అమ్మది ఇంట్లోనే ఉంది."

"మరింకేం, ఫోన్ కొట్టు!"

మనకి రెండు గంటలు, వాళ్ళకింకా ఉదయమే. వీడియో కాల్‌లో ఆవిడ తన పెళ్ళినాటి కొప్పు పెట్టుకుని వచ్చింది. "అటు తిరగమ్మా," అన్నారు ఆచారి గారు తెలుగులోనే. వీడు చెప్పేలోపే ఆవిడ తిరిగి నిలబడింది. ఆయన ఒక్కో వరసా చూపిస్తుంటే ఒసాజే తన చేత్తోనే మైనపు పూసలు అద్దాడు. పోతకి రెండు వారాలు పడుతుందన్నారు.

తిరుగు బస్సులో నాకు సంతోషం పట్టలేదు. ఇంగ్లండులో ఉన్నది వెనక్కి రావాలి, రావాల్సిందే. అయినా అంత దోచుకుపోయినవాళ్ళకి ఒసాజే వాళ్ళమ్మ తలమీది కొప్పు మాత్రం దొరకలేదు కదా అనుకున్నాను. మీరూ ఆచారి గారి లాంటివాళ్ళ దగ్గర పాత విగ్రహానికి నకలు చేయించుకోవాలంటే ఒక్క మాట: వెనకవైపు ఫొటో కూడా తీసుకెళ్ళండి. మీ విగ్రహం మీ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అది ఐదు నిమిషాల పని.