వదిన వెనక్కి తీసుకున్న కాలు

మా వదిన ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు ఎడమకాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. ఆదివారం పొద్దున మహబూబాబాద్‌లోని మా ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. వదిన పొయ్యి మీద చాయ్ పెట్టి వచ్చి, కొంగు దోపుకుని, వాళ్ల నడుము మీద కాలు మోపి పోయేది. పైసా తీసుకునేది కాదు. "నీ కాలు మంచిదమ్మా" అంటే చాలు, ఆ రోజంతా హుషారుగా ఉండేది.

నేను దర్జీని. ముప్పై నిండకముందే తెల్లవారేసరికి నా నడుము కర్రలా బిగుసుకుపోయేది. మిషన్ తొక్కి, బజారంతా తిరిగొస్తే కాస్త నయం. పడుకుంటే మళ్లీ మొదటికి. అయినా ఇంట్లో అందరూ పడుకోమనేవాళ్లే, నేనూ బుద్ధిగా పడుకునేవాణ్ణి. మెల్లగా మెడ కూడా తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. "దొర లెక్క తిరుగుతున్నడు సూడు" అని అన్న నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. వంగలేని దర్జీ దగ్గరికి బట్ట ఎవరు తెస్తారు? నా భయమంతా అదే.

దవాఖానకు ఎందుకు పోలేదంటారా? ఇంట్లో అంత పేరున్న కాలు ఉండగా డాక్టరు దగ్గరికి పోతే వదినను చిన్నబుచ్చినట్టే కదా! అందుకని ప్రతి ఆదివారం నేనూ అరుగెక్కేవాణ్ణి.

ఒక ఆదివారం వదిన నా నడుము మీద కాలు ఆనించి, బరువు వేయకుండానే వెనక్కి తీసుకుంది.

"నడుము కట్టె లెక్క ఉన్నది. గీ నొప్పి నా కాలుతోని పొయ్యేది కాదు. దవాఖానకు పోదాం నడు" అంది.

పక్కన పడుకున్నాయన తలెత్తి, "గదేందమ్మా, నీ కాలు పనిచేస్తలేదా?" అన్నాడు.

"చేస్తలేదు" అంది వదిన, అందరి ముందు. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

రైలెక్కి కాజీపేటలో దిగి, హనుమకొండలో కీళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఓపికగా చెప్పాడు. ఒంట్లో రోగాలతో కొట్లాడే కణాలు ఉంటాయట. నాలాంటి కొందరిలో అవి కీళ్లలోని మృదులాస్థి ప్రోటీన్లను పరాయివనుకుని మీద పడతాయని, అందుకే వెన్నులో వాపు వస్తుందని అనుకుంటున్నారట. అవి ఎందుకు పొరబడతాయో ఇంకా పూర్తిగా తేలలేదట.

"అంటే ఇంట్ల కుక్క ఇంటోళ్లనే కరుస్తున్నదా సారూ?" అంది వదిన.

"అంతేనమ్మా. ఇట్లనే వదిలేస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కపోతయ్. అసొంటి వెన్ను తొక్కితే విరిగినా విరుగుతది" అన్నాడాయన.

తిరుగు రైల్లో వదిన రెండు కాళ్లూ చీర కుచ్చెళ్ల కిందికి దాచుకుని కూర్చుంది.

"నువ్వే ఆపినవ్ గదా వదినె" అన్నాను.

"జర ముందుగాల ఆపాల్సుండె" అంది, కిటికీలోంచి చూస్తూ.

మందులు మొదలయ్యాయి, తర్వాత సూదులు, రోజూ కసరత్తు. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు. తెల్లారితే వదిన తలుపు బాదేది: "లే! పండుకుంటే పూసలు అతుక్కుంటయ్!" అరుగు మీదికి ఇప్పటికీ మనుషులు వస్తారు. చాయ్ దొరుకుతుంది, కాలు మాత్రం దొరకదు. పొద్దున బిగుసుకుంటదా, పని చేస్తే నయమైతదా అని అడిగి, అవునన్నవాళ్లను దవాఖానకు తరుముతుంది.

దసరాకు మా దగ్గర జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. జబ్బు ముదిరిన ఏడాది నేను నిలబడే ఆకు పెట్టాను. మొన్నటి దసరాకు ఆకు పెట్టి, మెల్లగా వంగాను. చేతివేళ్లు వదిన ఎడమపాదానికి తగిలాయి. ఆమె గబుక్కున కాలు వెనక్కి తీసుకోబోయింది. నేను రెండు చేతులతో పట్టుకున్నాను.