దుర్గవ్వ తోమిన రోము బిళ్ళ

“గిండ్ల నీ బిడ్డ ఏడుందే?”

సిద్దిపేటలో బిందెలు చేసే కంచరి పర్శరాములు దుర్గవ్వను అడిగిన మాట ఇది. 1946 ఎండాకాలం. ఆమె మిరుదొడ్డి నుంచి నడిచొచ్చి, కొంగుముడి విప్పి “నా బిడ్డ” అంటూ ఒక కంచు బిళ్ళ అతని చేతిలో పెట్టింది. దాని మీద నిలబడ్డ ఆడమనిషి ఆకారం లీలగా ఉంది. ఆ బొమ్మ చంకలో ఏమీ లేదు.

మూడేళ్ల కింద ఆమె కూతురు ఐలవ్వ జ్వరంతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. పోయిన పిల్లల పేర వెండిబిళ్ళ మీద బొమ్మ కొట్టించి దేవుని అర్రలో పెట్టుకోవడం ఆ ఇళ్లల్లో పద్ధతి. కూలిమనిషికి వెండి ఎక్కడిది? ఆ వానాకాలమే చేనులో కలుపు తీస్తుంటే ఈ కంచుది దొరికింది. ఒక దిక్కు రాణి తల, రెండో దిక్కు పిల్లను ఎత్తుకున్న స్త్రీ. అది పాత రోము నాణెం. రాణి కాన్పును కూడా దేవతను చేసి చిల్లర డబ్బుల మీద అచ్చు కొట్టిన రాజ్యం అది. గద్దెకు వారసులు కావాలి, అంతకుమించిన భక్తి ఏమీ లేదు.

ఊరివాళ్ళు అమ్మవారనుకుని “అవ్వ దిగొచ్చింది, కోడిని కొయ్యి” అన్నారు. ఊరి చర్చి పాస్టరు “రోమువాళ్ళ విగ్రహం, పారెయ్యి” అన్నాడు. ఇద్దరిలో ఎవరూ బిళ్ళను సరిగ్గా చూడలేదు. దుర్గవ్వ చూసింది. ఎత్తుకున్నది తాను, చంకలోది ఐలవ్వ.

దేవుని సామాను మెరవాలి కదా. ప్రతి శుక్రవారం చింతపండూ బూడిదా పెట్టి తోమింది. చిలుము పోయింది. రాణి ముక్కు పోయింది. చివరికి చంకలోని పిల్ల పోయింది.

“తోమితివా? వంట గంజు అనుకున్నవానే?” అని నవ్వాడు పర్శరాములు.

“మురికి పట్టిచ్చి ఉంచుతనా అన్నా, నా బిడ్డను?”

అతని నవ్వు ఆగిపోయింది. చిన్న ఉలి అందుకున్నాడు. “సరే, మల్ల చెక్కుత. మొఖం ఎట్లుండె చెప్పు.”

“గుండ్రంగ. జొన్నగింజ లెక్క.”

“గింజంత మొఖం బిళ్ళమీది పిల్లది. నీ పిల్ల సంగతి చెప్పవే.”

దుర్గవ్వ తలచుకోబోయింది. ఇన్నేళ్లూ పొద్దున లేచి ఆమె చూసింది నాణెం మీది పిల్లనే. కన్నపిల్ల ముఖం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. దుకాణం అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది, తెరిచింది, మళ్ళీ మూసుకుంది. దొరకలేదు.

“మొఖం వద్దు తియ్యన్నా,” అంది. “దాని చెయ్యి ఒక్కటి పెట్టు. నా మెడ సుట్టు.”

అతను చిన్న గీత చెక్కాడు. ఆమె దాన్ని బొటనవేలితో తడిమి చూసుకుని, కొంగున కట్టుకుని లేచింది.

ఆ పనికి కూలి నాలుగణాలు. ఆమె దగ్గర రెండే ఉన్నాయి, ఇచ్చింది. మిగతా రెండణాలు పర్శరాములుకు ఇంకా రావాలి.