మా క్లెమాటిస్ మొదటి పువ్వు

రెండు క్లెమాటిస్ తీగలు ఎండకు చచ్చాక, మూడోదాన్ని లోతుగా నాటి, మొదలు చుట్టూ కొబ్బరి పీచు కప్పాను. దానికి వేళ్లకు నీడ, కొసలకు ఎండ కావాలట. ఈరోజు పొద్దున మా సారపాక క్వార్టర్ పెరట్లో అది మొదటిసారి పూసింది. అరచేయంత ఊదా పువ్వు! ఫొటో తీద్దామని ఫోన్ తెచ్చేసరికి కాడ మాత్రమే మిగిలింది.

అత్తమ్మ అప్పటికే చర్చికి వెళ్లిపోయింది. వెనకాలే పరుగెత్తాను. చర్చిలో ముందున్న బల్ల మీద, బంతిపూల మధ్య నా పువ్వు! ఆరాధన అయ్యేదాకా ఓపికపట్టి, బయటికి రాగానే అడిగాను.

"ఒక్కటే పూసింది గదా అత్తమ్మా, గట్లెట్ల తెంపినవ్?"

"మొదటిది దేవునికియ్యాలె గదనే."

అంతలో పక్కింటామె వచ్చి, "గా పువ్వు ఎక్కడిది?" అంది.

"మా కోడలు పెంచింది. రెండుసార్లు సచ్చినా ఇడ్వలే," అంది అత్తమ్మ గర్వంగా.

చచ్చింది తీగేనని నేను వివరించాల్సి వచ్చింది. అయినా తొమ్మిదేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆమె నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆ ఊపులో అత్తమ్మ అక్కడున్న ముగ్గురికి నాటుకోవడానికి కొమ్మలిస్తానని మాటిచ్చేసింది. తీగేమో నా నడుముదాకా కూడా లేదు. ఆ ముగ్గురిలో ఎవరిని కాదనమంటారో మీరే చెప్పండి.