సూరమ్మ ఉత్తరాలు

మొన్న విశాఖ బజారులో ఎవరో తేగలు కాలుస్తుంటే, ఆ మాడిన పీచు వాసనకి అక్కడే నిలబడిపోయాను. టాటానగర్ పక్కన బాగ్‌బేరాలో, మా రైల్వే క్వార్టర్లో శీతాకాలమంతా ఆ వాసనే ఉండేది. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి సూరమ్మ ఏ రైలు గార్డు చేతికో తేగల కట్ట ఇచ్చి పంపితే, మా నాయనమ్మ వాటిని బొగ్గుల పొయ్యి మీద కాల్చి, నడిమికి చీల్చి, లోపలి లేత మొలకని, అదే చందమామని, నా చేతిలో పెట్టేది.

నాయనమ్మ కాపురానికి వెళ్లిన ఏడే సూరమ్మ ఆ ఇంట్లో పనికి చేరిందట. ఇద్దరిదీ ఒకే ఈడైనా, సూరమ్మ నాయనమ్మని అక్కని పిలిచినట్టు 'అప్పా' అనే పిలిచేదట. పురుళ్లకీ జ్వరాలకీ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండి, తాతయ్య పోయాక రెండేళ్లు సూరమ్మ ఇంట్లోనే ఒకే గదిలో పడుకుని, ఒకే కుండలో వండుకు తిన్నారు. తల్లి పనిమనిషి పంచన ఉండటమేమిటని, టాటానగర్ యార్డులో రైలు పెట్టెలు కలిపే షంటరుగా ఉన్న నాన్న నాయనమ్మని మా దగ్గరికి తెచ్చేశాడు.

అప్పటి నుంచీ ఇద్దరికీ ఉత్తరాలే దిక్కు. సూరమ్మ ఊరి మాస్టారి చేత రాయించి, అడుగున నీలి సిరాతో వేలిముద్ర వేసేది. ఆవు ఈనిందనీ, పెరట్లో ఆనపపాదు కాసిందనీ ఉన్న ఆ కబుర్లని నాయనమ్మ గుమ్మంలో కూచుని పైకి చదివి, ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉండేది. బడిలో నాకు హిందీయే. తెలుగు అక్షరాలు ఆ ఉత్తరాల్లోనే దిద్దించింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయనమ్మ కాళ్లకి నీరు పట్టింది. కడసారి నీ దగ్గరే ఉంటాను, వచ్చేస్తానని సూరమ్మకి రాసింది. వారాలు గడిచినా జవాబు లేదు. ఒకరోజు నాన్న చొక్కా జేబులో ఇన్‌లాండ్ లెటర్ దొరికితే కూడబలుక్కుని చదివాను. "ఇంటికి కొత్త తాటాకు కప్పించినాను. నువ్వు ఊఁ అంటే నేనే వచ్చి తీసుకెళ్తాను, అప్పా" అని ఉంది. నాన్న చూసి, అది లాక్కుని పొయ్యిలో పడేశాడు. ఉత్తరాలు తన చేతికే ఇమ్మని పోస్ట్‌మాన్‌కి చెప్పుకున్నాడని అప్పుడు తెలిసింది.

"కొడుకు కూడెట్టనేక పనిమనిషింటికి తోలీసినాడంటారు. నాయనమ్మకి సెప్పకు," అన్నాడు, కోపంగా కాదు, బతిమాలినట్టు.

ఆ సాయంత్రం నాయనమ్మ అడిగింది. "ఉత్తరమొచ్చినాదేటే?"

తెలుగులో నోరు పెగల్లేదు. "నహీ ఆయా," రాలేదని హిందీలో అన్నాను. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నాళ్లకి అడగడం మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ గంజి పట్టుకెళ్తే, "సూరికి నాను బరువైపోనాను గావాల," అని గిన్నె పక్కకి నెట్టేసిందట. వానలు మొదలైన వారంలోనే పోయింది.

అమ్మ రాసిన కార్డు అందుకుని, పదకొండో రోజున సూరమ్మ వచ్చింది. ఎంత పిలిచినా లోపలికి రాకుండా గుమ్మంలోనే కూచుని, నన్ను దగ్గరికి తీసుకుంది. "నాలుగుత్తరాలు రాయించినాను. అప్ప సదివిందా, తల్లీ?"

నాన్న తల దించుకున్నాడు. చదవలేదంటే ఆ ముసలిమనిషి గుండె పగిలిపోతుందనుకున్నాను. "చదివింది," అన్నాను, ఈసారి తెలుగులోనే.

ఆవిడ నన్ను వదిలి కొంగు సర్దుకుంది. "సదివి కూడా రానేదన్నమాట," అని లేచి, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

నేనేం చేశానో అర్థమయ్యేసరికి మరి కొన్నేళ్లు పట్టింది. నిజం రాద్దామని ఎన్నోసార్లు కాగితం తీశాను గానీ, నాన్న బతికుండగా చెయ్యి రాలేదు. ఇప్పుడు నాన్న లేడు, ఆ క్వార్టర్లు కూలగొట్టేశారు. సూరమ్మ ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. ఆ ఊరి నుంచి మాకు ఉత్తరం రాసే మనిషి ఆవిడ ఒక్కతే.