ఎండ ఊరు, నీడ ఊరు

నోట్‌బుర్గా ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. రేడియోలో వాన లేదంటే, కిటికీ తెరిచి ఆకాశం చూసుకుంటుంది. టిరోల్ కొండల్లో నీడ వైపున్న ఉంటర్‌వాల్డ్ ఆమె ఊరు. లోయకు ఆవలి గట్టున, ఎండ వైపు, హోఫ్‌రైన్ ఉంది. వేసవి అతిథులు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఆమె అద్దెగదుల్లో ఏటా తప్పకుండా నిండేది ఇక ఒక్కటే. ఉత్తరాన సముద్రపు ఒడ్డు నుంచి వచ్చే హైంకె దంపతులది.

ఈ వేసవి హైంకె ఒంటరిగా వచ్చింది. భర్త చలికాలంలో పోయాడు. రోజూ భోజనం కాగానే హోఫ్‌రైన్ బస్సెక్కుతోంది. ఎందుకో చెప్పదు.

బస్సు నడిపే మేనల్లుడు కాస్పర్‌ని నిలదీసింది నోట్‌బుర్గా.

"అక్కడ దిగి ఎవరింటికి వెళ్తోందిరా?"

"నేను బస్సు తోలాలా, ఆవిడ వెనకాల నడవాలా అత్తా?"

"రోసల్ ఇంటివైపేనా?"

"చర్చీ అటే, కాఫీ హోటలూ అటే, రోసల్ ఇల్లూ అటే. నీకు ఏది అనుకోవాలనుంటే అది అనుకో."

రోసల్ హోఫ్‌రైన్‌లో గదులు అద్దెకిస్తుంది. ఇంకేం కావాలి!

ఏళ్ల తరబడి వచ్చే అతిథి కోటుకు మేయర్ చేత పతకం పెట్టించడం ఉంటర్‌వాల్డ్ ఆనవాయితీ. పతకం అందుకున్నవాళ్లు మరో ఊళ్లో దిగడానికి మొహమాటపడతారు. హైంకెకి ఇంకా అన్నేళ్లు నిండలేదు. అయినా నోట్‌బుర్గా మేయర్ వెంటపడి ఈ ఏడే ఖాయం చేయించింది.

ఆదివారం బ్యాండు మోగింది. మేయర్ పతకం గుచ్చాడు. హైంకె ముఖం ఎర్రబడింది. జనం చెదిరాక మెల్లగా అంది:

"ముందే చెప్పాల్సింది. వచ్చే ఏడు హోఫ్‌రైన్‌లో దిగుదామనుకుంటున్నాను."

"రోసల్ పిలిచిందా? అద్దె తగ్గిస్తానందా?"

"ఎవరూ పిలవలేదండీ. ఇక్కడ పొద్దుండగానే కొండ నీడ పడిపోతుంది. ఆయనుంటే పేకాడుకునేవాళ్లం, తెలిసేది కాదు. ఇప్పుడు సాయంత్రం గడవట్లేదు. అక్కడ బెంచీ మీద ఎండలో కూర్చుని వస్తున్నాను, అంతే." ఆమె పతకం విప్పి చేతికిచ్చింది. "ఇది నేనుంచుకోకూడదు."

నోట్‌బుర్గా ఆమె ముఖంలో అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. పతకాన్ని మళ్లీ ఆమె కోటుకే గుచ్చింది.

"రోసల్ మీకు తూర్పు గది అంటగడుతుంది. ఒప్పుకోకండి. సాయంత్రం ఎండ పడమటి గదికే. ఖాళీ లేదంటుంది, నమ్మకండి."