సముద్రానికి తెట్టు తీసిన అత్తయ్య

ఆ రోజుల్లో జువాలజీ డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగమంటే ఏమిటో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కప్పల్ని పట్టించేవాణ్ణి నేనే, కోసి చూపించేవాణ్ణి నేనే, కోశాక మిగిలింది పూడ్చిపెట్టించేవాణ్ణీ నేనే. అయినా మెడలో టై ఒకటి వేలాడుతున్నందుకు (అది మా మేనమామ పెళ్లినాటిది) ఊళ్లో సగం మంది నన్ను డాక్టరుగారనుకుని నమస్కారాలు పెట్టేవారు. నేనూ కాదనేవాణ్ణి కాను. ఇరవై రెండేళ్ల వయసులో, నాకు తెలియనిది ఈ సృష్టిలో ఏదీ లేదన్న నమ్మకం ఒకటి నాకు గట్టిగా ఉండేది. అది ఒక గాజుతొట్టెలో మునిగిపోయిన కథ ఇది.

మా కాలేజీకి బి.ఎస్సీ. జువాలజీ మంజూరు చేయాలా వద్దా అని చూడటానికి యూనివర్సిటీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నారని కబురొచ్చింది. మంజూరైతే నా ఉద్యోగం ఖాయం. కాకపోతే వేసవి సెలవులతోపాటు నాకూ శాశ్వత సెలవు. మా డిపార్టుమెంటు పెద్దాయనని అందరం మేష్టారనే పిలిచేవాళ్లం. ఆయనకెలా తట్టిందో, "మిరపకాయల ఊళ్లో సముద్రం చూపిద్దామయ్యా. ఇంకెవరు కాదంటారు?" అన్నారు. అన్నదే తడవు ఇద్దరం చీరాల ఓడరేవుకి వెళ్లి, కొత్త ఆవకాయ జాడీల నిండా సముద్రపు నీళ్లూ, జాలర్ల వలలో చిక్కిన రెండు చారల చేపలూ, శంఖంలో కాపురముండే ఒక పీతా, చిప్పకి అతుక్కుని పువ్వులా విచ్చుకునే జీవి ఒకటీ బస్సులో తెచ్చాం. (కండక్టరు దారిపొడుగునా "ఏం పచ్చడండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.) చేపలకి గాలి అందడానికి ఒక పాత లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి, సన్నటి రబ్బరు గొట్టంలోంచి తొట్టెలోకి బుడగలుగా వదిలే ఏర్పాటు చేశాం. పంపు కొట్టే పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

అంతా కుదిరాక మేష్టారు చుట్టాల పెళ్లికి వెళుతూ, "నీ ఉద్యోగం ఆ తొట్టెలో ఈదుతోంది, జాగ్రత్తయ్యా" అని చెప్పి మరీ బయలుదేరారు. మన వైపు ఇంటికొచ్చినవాళ్లని బాగా చూసుకోవడమంటే తిండి పెట్టడమేగా! రొయ్యలు ముక్కలు చేయించి మూడు పూటలా కొసరి కొసరి వడ్డించాను. మూడోనాటికి బుడగలు పైకొచ్చే మూల పసుపుపచ్చటి నురగ వేలెడు మందాన పేరుకుంది. నాకెంత సంతోషమేసిందో! నురగంటే గాలి, గాలంటే చేపలకి ప్రాణం, కనక నురగ ఎంత ఉంటే అంత మంచిదని ఓ సిద్ధాంతం కట్టేశాను. నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను.

అప్పట్లో నేను మా అత్తయ్య (నాన్నకి అక్క) ఇంట్లో ఉండేవాణ్ణి. చేప అన్న మాట వినపడినా చెవులు కడుక్కునే మనిషి. మధ్యాహ్నం నాకు క్యారియరు తెచ్చి లేబరేటరీ గుమ్మం బయటే నిలబడేది. లోపల సీసాల్లో పాములున్నాయని గడప తొక్కేది కాదు. ఆ రోజు అక్కణ్ణించే మెడ సాచి చూసింది.

"ఏందిరా అది, తెట్టు కట్టింది? తీసి పారెయ్యవేం?"

"తెట్టు కాదత్తయ్యా, ఆక్సిజను."

"నీ మొహం! పప్పు ఉడికేటప్పుడు పైకి తేలేది కూడా ఆక్సిజనేనా?"

"ఇది సైన్సు, వంటిల్లు కాదు" అన్నాను. ఎంత పొగరో చూడండి. ఆవిడ అన్నం చల్లారిపోతోంది తినమని చెప్పి వెళ్లిపోయింది.

ఐదోనాటికి నీళ్లు కుడితిలా అయ్యాయి. కంపు వరండాదాకా వచ్చింది. పువ్వు ముడుచుకుని ఎండుద్రాక్షలా అయిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పక్కనున్న మిరపకాయల గోడౌను ఘాటే దీనికంతటికీ కారణమని తేల్చి, కిటికీలు మూయించి, తొట్టె మీద తువ్వాలు కప్పాను. దాంతో ఆ కాస్త గాలీ పోయింది. తెల్లారితే తనిఖీ. మెట్టు మీద కూలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను కూడా.

క్యారియరు తెచ్చిన అత్తయ్య నన్ను చూసింది, తొట్టెని చూసింది. ఇంటికి వెళ్లి, బూందీ తీసే చిల్లుల గరిటె పట్టుకొచ్చి గడప మీంచి అందించింది.

"ముందా తువ్వాలు తీసెయ్. పైపైన తియ్యి, కలియబెట్టకు. అడుగున కుళ్లిన ముక్కలన్నీ ఏరెయ్. జాడీల్లో మిగిలిన నీళ్లు చెంబుడు చెంబుడు మార్చు. ఇవాళ వాటికి తిండి పెట్టావో, ఊరుకోను. లంఖణం పరమౌషధం."

"మరి గరిటె?"

"అదింక ఇంటికి రాదులే. కాలేజీకే దానమిచ్చాననుకో."

చెప్పినట్టల్లా చేశాను. మర్నాటి పొద్దుటికి నీళ్లు తేటపడ్డాయి. పువ్వు సగం విచ్చుకుంది. దాన్ని చూసి నేనే విచ్చుకున్నంత పనైంది.

పదింటికి తనిఖీ అధికారి వచ్చారు, పక్కన అప్పుడే రైలు దిగిన మేష్టారు. అధికారి తొట్టె చుట్టూ తిరిగి గరిటె చేతిలోకి తీసుకున్నారు.

"ఇదెందుకు?"

"నురగ తీయడానికండి."

"ఎవరి ఆలోచన?"

"నాదేనండి" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"బాగుంది. నురగ తీస్తే నీళ్లెందుకు బాగుపడతాయి?"

నాకు తెలిసిన సిద్ధాంతం ఒకటే, అదేమో తలకిందులైంది.  అప్పుడు గుమ్మం బయటినుంచి, ఆ రోజు పెందలాడే క్యారియరు తెచ్చిన అత్తయ్య గొంతు వినపడింది.

"నీళ్లలో మురికి బుడగలకి అంటుకుని పైకొస్తుంది బాబూ. తియ్యకపోతే మళ్లీ అందులోకే దిగుద్ది. బెల్లప్పాకం కాచేటప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్లు తియ్యరా?"

"ఆవిడెవరు?"

"మా అత్తయ్యండి. ఆలోచన కూడా..." నా గొంతు నాకే వినపడలేదు. "ఆవిడదేనండి."

అధికారి గుమ్మం దగ్గరికే వెళ్లారు. "జర్మనీలో ఈ పనికి ఒక యంత్రం చేశారమ్మా. ప్రతి తొట్టెకీ అది ఉండాలా అక్కర్లేదా అని పెద్ద పెద్దవాళ్లే వాదించుకుంటున్నారు."

"వాదనెందుకు బాబూ? మితంగా పెడితే అక్కర్లేదు. మావాడిలా పెళ్లిభోజనం పెడితే కావాలి."

ఆయన అంత పెద్దగా నవ్వుతారని ఎవరూ అనుకోలేదు. మేష్టారు కూడా నవ్వాక నాకు ఊపిరాడింది. వెళ్లేముందు అధికారి, "మంజూరుకి రాస్తున్నాను" అన్నారు. గుండె మీంచి బండ దించినట్టయింది. ఇంటికెళ్లి కడుపునిండా తిని పొద్దుగూకేదాకా నిద్రపోయాను. లేచాక, "నాదేనని అబద్ధమాడాను అత్తయ్యా" అంటే, "విన్నాలే. తర్వాత నిజం చెప్పావుగా, అదీ విన్నా" అంది.

ఆ ఉద్యోగంలో ముప్పై ఏళ్లకి పైగా పాఠం చెప్పాను. తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే, "తెలియదు, కనుక్కుని రేపు చెబుతాను" అనడం నాకు చాలా సులువుగా వచ్చేది. పాపం, పిల్లలు నేను లైబ్రరీకి వెళుతున్నాననుకునేవారు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ సగం ప్రశ్నలకి నేను వెళ్లింది ఇంటికే.